రెండు మంచాల గది

ప్రియమైన సూదిపిల్లకి,

క్షేమంగా దిగాను. రైల్లో కిటికీ పక్క సీటే దొరికింది. ఎదుటి సీటాయన గురక తప్ప ఇంకో బాధ లేదు. నువ్వు కట్టిచ్చిన అన్నం పది గంటలకే తినేశాను, ఆకలేసి కాదు, ఏం తోచక. స్టేషనుకైతే వచ్చావు గానీ, రైలు కదిలేదాకా నా మొహం చూడకుండా పక్కనున్న పుస్తకాల బండిని చూస్తూ నిలబడ్డావు. అంత చదువరివి ఎప్పుడయ్యావో నాకు తెలీదు సుమా!

సరే, ఇక్కడి తమాషా విను. గుడి వీధి పొడుగునా లాడ్జీలే. ఎందులోకి వెళ్ళినా ముందు అడిగేది "ఎంతమందండీ?" అనే. "ఒక్కదాన్నే" అనగానే, తీసిన తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించేస్తున్నారు. "ఖాళీల్లేవండీ" అంటారు, వెనక అన్ని తాళంచెవులూ వేలాడుతూనే ఉంటాయి. ఎండలో ఆ బ్యాగు మోసుకుంటూ తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి ఒక బట్టతల మేనేజరు కాస్త మనసున్నవాడు కాబట్టి అసలు సంగతి చెప్పాడు. "అమ్మా, దేవుణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్ళు నలుగురితో కలిసి వస్తారు. ఒక్కళ్ళే వచ్చేవాళ్ళు సముద్రం కోసం వస్తారు. తర్వాత పోలీసులకి జవాబు చెప్పుకోలేక చస్తున్నాం. అందుకే ఈ ఊళ్ళో ఒంటరి మనిషికి గది ఇవ్వం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదే. నోటికొచ్చింది అనేశాను. "ఒంటరిదాన్ని ఎందుకవుతానండీ? మా ఆడపడుచు వెనక బండిలో వస్తోందిగా!"

అంతే, తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇప్పుడు రద్దీ లేని రోజులట. మనుషులు పూర్తిగా వచ్చిన రోజు నుంచి వారం ఉండొచ్చట. నువ్వు ఎటూ రావు కాబట్టి ఆ వారం ఎప్పటికీ మొదలవదు. చూశావా మీ వదిన తెలివి!

గదిలో రెండు మంచాలు, రెండు దిళ్ళు, మూత పెట్టిన రెండు గ్లాసులు. ఒక మంచం మీద నేను, ఇంకోదాని మీద బ్యాగు. కిటికీ తీస్తే సముద్రం కనపడదు, హోరు మాత్రం వినిపిస్తుంది.

ఎందుకొచ్చానో నీకు తెలుసు. ఇక్కణ్ణుంచి సాయంత్రం బండి ఎక్కితే మా తమ్ముడి ఊరు. పొద్దుటి బండి ఎక్కితే మన ఊరు. వాడు వచ్చెయ్యమంటున్నాడు, తన దగ్గరే ఉండిపొమ్మంటున్నాడు. ఏం చెయ్యమంటావని నిన్నడిగితే "నీ ఇష్టం వదినా" అని మిషను మీదికి వంగిపోయావు. నా ఇష్టమేమిటో నాకు తెలిస్తే నిన్నెందుకడుగుతాను? మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ మనిద్దరం ఒకే ఇంట్లో ఎందుకున్నామని ఎవరూ అడగలేదు. ఆయన పోయి ఏడాది తిరిగిందో లేదో, అడగనివాళ్ళు లేరు.

నాలుగు రోజులు ఇక్కడ కూర్చుని ఆలోచిస్తాను. నువ్వూ ఆలోచించు.

రెండు మంచాల మధ్య కుర్చీలోంచి,
నీ వదిన

*

అబద్ధాల వదినకి,

ఉత్తరం అందింది. నన్ను రైలెక్కించేశావన్నమాట! ఇక్కడ కూర్చుని కాజాలు కుడుతున్నదాన్ని అక్కడ ఏ బండిలో వస్తున్నానో నాకే తెలీదు.

మన కుట్టు షాపు బాగానే నడుస్తోంది. నువ్వు లేవని దిగులు పడకు. మార్కెట్టు వెనక షాపులో బట్టలు కత్తిరించే కట్టరు ఉండేవాడే, పొడుగాటాయన, చెవి మీద చాక్‌పీసు పెట్టుకుంటాడు, ఆయన్ని పెట్టుకున్నాను. మనిషి నెమ్మది, చేతిలో పనుంది. జాకెట్ల మెడలు చక్కగా తీస్తాడు. స్కూలు యూనిఫాంలు రెండు తాన్లూ కత్తిరించి పెట్టాడు. నీలాగా కత్తెర పట్టుకుని నాకు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పడు, మాట్లాడకుండా పని చేసుకుపోతాడు. షాపు ఎంత ప్రశాంతంగా ఉందో!

ఇస్త్రీ మాత్రం నా చావుకొచ్చింది. అన్నయ్య పెట్టెను తాకించీ తాకించనట్టు తోసేవాడు, కాలరు కాగితంలా నిలబడేది. నేను చేస్తే ఒక పక్క మాడుతోంది, ఇంకో పక్క ముడతలు పోవడం లేదు. నిన్న బ్యాంకాయన చొక్కా మీద ముద్ర పడింది. "ఇది డిజైనాండీ?" అని అడిగాడు. ఔనన్నాను.

నేను రాను వదినా. స్కూళ్ళు తెరిచే రోజులు, షాపు మూసి ఎలా వస్తాను? నీ సంగతి నువ్వే తేల్చుకోవాలి. మీ తమ్ముడి ఇంట్లో పిల్లలున్నారు, సందడి ఉంటుంది. ఇక్కడేముంది, నేనూ మిషనూ. ఉండిపొమ్మని అడిగే హక్కు నాకెక్కడిది? అడిగితే నా కోసం ఉండిపోతావు. తర్వాత ఎప్పుడైనా ఆ మాట మన మధ్యకు వస్తే నేను తట్టుకోలేను.

వేళకి తిను. సముద్రంలోకి దిగితే మోకాళ్ళు దాటి వెళ్ళకు.

నీ నోటిమాట మీద రైలెక్కిన
సూదిపిల్ల

*

ప్రియమైన సూదిపిల్లకి,

నెమ్మదైన కట్టరు దొరికినందుకు సంతోషం. నేను వాగుడుకాయననేగా నువ్వు చెప్పేది. చెప్పు, చెప్పు.

దర్శనం అయింది. వరసలో నా ముందు ఒక పెద్ద కుటుంబం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తప్పిపోతామేమోనని ఒకటే కేకలు. "అత్తయ్య ఉందా? బాబాయ్ వచ్చాడా?" అని వెనక్కి తిరిగి లెక్క చూసుకుంటున్నారు. నన్ను లెక్క చూసుకునేవాళ్ళెవరూ లేరు. నేను తప్పిపోయినా నాకు తప్ప ఎవరికీ తెలీదు. అనుకోగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుడి ముందుకు వెళ్ళేసరికి ఏం కోరుకోవాలో మర్చిపోయి, తోసేస్తుంటే బయటికొచ్చేశాను. ఇంత దూరం వచ్చి ఆయన్ని ఒక్క ముక్కా అడగలేదు.

మేనేజరు రోజూ పొద్దున్నే "మీవాళ్ళు వచ్చారామ్మా?" అంటాడు. "బండి తప్పిపోయిందట, రేపొస్తుంది" అంటాను. అబద్ధం అతకాలి కదా, అందుకని బండి వచ్చే వేళకి స్టేషనుకి వెళుతున్నాను. అందరూ దిగుతారు. కూలీలు, సామాన్లు, పిల్లల ఏడుపులు. కాసేపటికి ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోతుంది. నువ్వు రావని నాకు తెలుసుగా, పిచ్చిదానా! మరి ఆఖరి పెట్టె దాకా నడిచి ఎందుకు చూసి వస్తున్నానో నన్నడగకు.

ఇంకో విషయం. ఒడ్డున కూర్చున్నప్పుడల్లా నా వెనకాల కొంచెం దూరంలో ఒకావిడ కూర్చుంటోంది. నేను లేస్తే లేస్తుంది, నడిస్తే నడుస్తుంది. ముందు దొంగేమో అనుకున్నాను. ఆఖరికి తిరిగి నిలదీశాను. లాడ్జీలో గదులు ఊడ్చే ఆవిడ! "ఏం చెయ్యనమ్మా, మేనేజరుగారు మీ మీద ఓ కన్నేసి ఉంచమన్నాడు. మీరు నీళ్ళ వైపు అదే పనిగా చూస్తారంట" అంది.

ఒళ్ళు మండింది. "నేను చావడానికి రాలేదమ్మా, బట్టలు కత్తిరించేదాన్ని, నాకు బోలెడు పనుంది" అన్నాను. ఆవిడ తలూపి, "ఉంటే మంచిదే" అని నా పక్కనే చతికిలబడింది. చాలాసేపు కూర్చున్నాం. ఆవిడ తన కాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, నేను నీ గురించి చెప్పాను. నిజం చెప్పనా? కోపం ఎంతోసేపు లేదు. నేను బతికున్నానా లేదా అని ఎవరో ఒకరు చూస్తున్నారు. ఇది బాగానే ఉందనిపించింది. అలా అనిపించినందుకే భయమేసింది.

తమ్ముడి ఉత్తరం ఇక్కడికే వచ్చింది. మేడ మీద గదికి నాకోసం సున్నం వేయించాడట. మరదలు కూడా రమ్మని రెండు వాక్యాలు రాసింది. మంచివాళ్ళు. రమ్మని అడగడం వాళ్ళకి చాతనైంది.

ఇంతకీ నీకు కుశలమేనా? కుట్టేటప్పుడు దీపం దగ్గరికి లాక్కుంటున్నావా?

నీ వదిన

*

వదినకి,

తీరిక లేదు, నాలుగు ముక్కలే రాస్తున్నాను. కోపగించుకోకు.

మీ తమ్ముడు నాకూ రాశాడు. నీ సామాను సర్ది ఉంచితే మనిషిని పంపిస్తానన్నాడు. సర్దాను. చీరలూ, కళ్ళజోడు పెట్టే, నీ రేడియో, అన్నీ పెట్టాను. పెద్ద కత్తెర ఒక్కటే పెట్టెలో పట్టలేదు. అది ఇక్కడే ఉంటుంది.

కట్టరుగారు బాగానే చేస్తున్నారు. పక్కింటి మందుల షాపాయన "ఇద్దరుండాల్సిన ఇంట్లో ఒక్కరుంటే కరెంటు ఖర్చు కలిసొస్తుందిగా" అని జోకేశాడు. మొహం మీద తలుపేశాను. వాడి ఫోనుకి నువ్వు చేయకపోవడమే మంచిదైంది. మనం మాట్లాడే ప్రతి ముక్కా విని వీధంతా టముకు వేసేవాడు.

స్టేషనుకి వెళ్ళకు వదినా. ఎందుకలా నిలబడటం? వెళ్ళకు.

సూదిపిల్ల

*

ప్రియమైన సూదిపిల్లకి,

సర్దేశావన్నమాట. మంచిది. చెయ్యి చురుకైనదానివి, పని ఒప్పజెబితే చాలు.

ఇక్కడ మీ వదిన ఒక ఘనకార్యం చేసింది. తిడతావో మెచ్చుకుంటావో గానీ చెబుతున్నాను.

నిన్న నేను మెట్లు దిగేసరికి కౌంటరు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. మన వయసే. చేతిలో చిన్న పెట్టె, కళ్ళ కింద నల్లటి చారలు. మేనేజరు అదే పాట పాడుతున్నాడు, ఒంటరి మనిషికి గది లేదని. ఆవిడ గొడవ పడలేదు, బతిమాలలేదు. "సరేనండీ" అని పెట్టె తీసుకుని గుమ్మం వైపు తిరిగింది. ఆ "సరేనండీ" వినేసరికి నా ప్రాణం ఉసూరుమంది. ఊరంతా తిరిగి ఎన్ని చోట్ల ఆ మాట అనుంటుందో నాకు తెలుసు.

అంతే, నోరు ఊరుకోలేదు. "అదేమిటే, ఇప్పుడా రావడం? నీ కోసం మీ వదిన రోజూ స్టేషనుకి తిరగలేక చచ్చింది!" అని వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, ఒక్క క్షణం తటపటాయించి, "బండి ఆలస్యమైంది వదినా" అంది. ఎంత చక్కగా అందనుకున్నావ్!

మేనేజరు మొహం చూడాలి, చాటంతయింది. "వచ్చారన్నమాట! మీరు లేని మనిషిని కల్పిస్తున్నారేమో అనుకున్నానమ్మా, ఏమనుకోకండి" అని టీ తెప్పించాడు. ఊడ్చే ఆవిడైతే "హమ్మయ్య, ఇంక నా కాళ్ళకి తెరిపి" అని కొత్త మనిషిని కావలించుకుంది.

ఆవిడ నర్సట. రిటైరైన మర్నాడే రైలెక్కిందట. చావడానికి కాదు. "నన్నెవరూ పేరు పెట్టి కేకెయ్యని చోట తృప్తిగా నిద్రపోదామని వచ్చాను" అంది. నా బ్యాగు కింద పెట్టి ఆ మంచం ఆవిడకిచ్చాను. పడుకున్న మనిషి ఇంకా లేవలేదు. ఎదురు మంచం మీద ఒక మనిషి ఊపిరి వింటుంటే ఎన్నాళ్ళకో నాకూ కన్ను మూతపడింది.

అయితే ఒక చిక్కొచ్చింది. మనుషులు పూర్తిగా వచ్చేశారు కాబట్టి నా వారం మొదలైంది. వచ్చే శుక్రవారం గది ఖాళీ చెయ్యాలి. నర్సమ్మ అంతకు ముందే వెళ్ళిపోతుంది. ఇంక కూర్చుని ఆలోచించడానికి వంక లేదు, పొద్దుటి బండో సాయంత్రం బండో ఏదో ఒకటి ఎక్కాలి.

సూదిపిల్లా, నేను మొండిదాన్ని, నువ్వు నాకంటే మొండిదానివి. ఈ వయసులో ఇంకా ఎవరు ముందు నోరు విప్పుతారా అని చూసుకోవడమేమిటే? నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క వస్తే చాలు, ఏ బండో నాకు తెలిసిపోతుంది. గురువారం దాకా టపా చూస్తాను.

నీ వదిన

*

వదినకి,

నా బదులు ఇంకొకరు దొరికినందుకు సంతోషం. నువ్వు అనగానే "వదినా" అనేసిందంటే చురుకైన మనిషే. కన్ను మూతపడిందన్నావు, మరీ సంతోషం. నేనున్న ఇంట్లో ఏడాదిగా నీకు నిద్ర లేదు కాబోలు, నాకు తెలీలేదు.

ఏ బండి అని అడిగావు. సాయంత్రం బండిలో జనం తక్కువట. కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

సూదిపిల్ల

*

వదినా,

ఈ ఉత్తరం మీ తమ్ముడి ఇంటికి రాస్తున్నాను. ఎక్కణ్ణుంచి రాస్తున్నానో తెలిస్తే నమ్మవు. నీ లాడ్జీ కింద హాల్లో, బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

ఆ దిక్కుమాలిన ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చాను. కట్టరుగారు ఒక జాకెట్టు కత్తిరించి నా బల్ల మీద పెట్టారు. ఎంత బాగా కత్తిరించారనుకున్నావ్, వంక పెట్టడానికి లేదు. ఆయన పనికి ఏ రోజూ వంక లేదు. మిషను మీద పెట్టుకుని కూర్చున్నాను, నా కాలు కదలదు. నువ్వు కత్తిరించిన గుడ్డకి లోపల మడత ఎక్కువ వదులుతావు, "రేపు మనిషి లావయితే విప్పుకోవద్దుటే?" అంటావు. ఇందులో సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. నాకు కుట్టబుద్ధి కాలేదు. ఆయన మంచాయన, నొచ్చుకోకుండా చెప్పి పంపేశాను. తర్వాత రెండు రోజులు షాపు తలుపు తియ్యలేదు.

శుక్రవారం పొద్దున లేచి బ్యాగులో నాలుగు బట్టలు కుక్కుకుని రైలెక్కాను. సీటు లేదు, తలుపు దగ్గరే కూర్చున్నాను. బండి దారిలో ఎక్కడో ఇంజను చెడి ఆగిపోయింది. పొలాల మధ్య నిలబడిపోయి, ఎప్పటికో కదిలింది. దిగేసరికి ఇవాళ శనివారం తెల్లారిపోయింది. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూశాను. నువ్వెందుకుంటావు, నేను రాసిన ఉత్తరం చదివాక?

పరుగెత్తుకుంటూ ఇక్కడికొచ్చాను. మేనేజరు అచ్చం నువ్వు రాసినట్టే ఉన్నాడు. నీ గురించి అడిగాను. నిన్న సాయంత్రం బండికి వెళ్ళిపోయావన్నాడు. మన ఊరి పొద్దుటి బండి కూడా అప్పటికే వెళ్ళిపోయింది. రేపటి బండి దాకా ఉండటానికి గది కావాలన్నాను. "ఎంతమందమ్మా?" అన్నాడు. "ఒక్కదాన్నే. నేను ఆవిడ ఆడపడుచుని" అన్నాను.

నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఆవిడ ఆడపడుచు వచ్చి వెళ్ళిందమ్మా. నేనే టీ తెప్పించాను. మీరెవరు?"

"అదెవరో నర్సు! అసలు ఆడపడుచుని నేనే!" అని అరిచాను. హాల్లో అందరూ తిరిగి చూశారు. బ్యాగు పట్టుకుని, జుట్టు రేగిపోయి, రైలు మసితో ఉన్న మనిషి అసలూ నకిలీ అని అరుస్తుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆయన చాలా నెమ్మదిగా, పిల్లలతో మాట్లాడినట్టు, "పోనీ ఆవిడ భర్తగారిని ఫోనులోకి పిలవండి, మీ అన్నయ్యేగా, ఆయన చెబితే ఇస్తాను" అన్నాడు.

ఏం చెప్పను వదినా? నువ్వూ నేనూ ఏమవుతామో చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయన లేడు. కౌంటరు పట్టుకుని భోరుమని ఏడ్చాను. అన్నయ్య పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు.

గది ఇవ్వలేదు. వెళ్ళగొట్టనూ లేదు. ఈ బెంచీ చూపించి, ఊడ్చే ఆవిడకి కళ్ళతో సైగ చేశాడు. ఇప్పుడు ఆవిడ నా పక్కనే కూర్చుంది, నా మీద కాపలా. కాళ్ళు ఒత్తుకుంటూ అడిగింది. "ఆయమ్మ బండి వచ్చే వేళకి రోజూ పోయేది నీ కోసమేనా?" తలూపాను. "నిన్న కూడా పోయింది. బ్యాగు సర్దుకున్నాక, పగటి బండి చూసొస్తానని పోయింది. మీవాళ్ళు వచ్చి వెళ్ళారుగదమ్మా, ఇంకెవరి కోసం అంటే, ఊరికే అంది" అని చెప్పింది.

నా బండి ఆ వేళకి రావాల్సిందే వదినా. పొలాల్లో ఆగిపోయి ఉంది.

నేనే నేరుగా మీ తమ్ముడి ఇంటికి వచ్చెయ్యొచ్చుగా అంటావు. వస్తే ఆయన గుమ్మంలో, పిల్లల ముందు, సున్నం వేయించిన గది కింద నిలబడి అడగాలి. నువ్వు వాళ్ళని నొప్పించలేవు, నన్నూ నొప్పించలేవు, మధ్యలో నలిగిపోతావు. అలా వద్దు. నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువుకుని, నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి. మీ తమ్ముడి ఊరి నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మధ్యాహ్నం బస్సులో తిరిగి వెళుతోంది. వాళ్ళ చేతికి ఇది ఇస్తున్నాను, సాయంత్రానికి నీకు చేరుతుంది.

కానీ "నీ ఇష్టం" అని మాత్రం ఇంకెప్పుడూ అనను. అది మర్యాద అనుకున్నాను, నీకు స్వేచ్ఛ ఇస్తున్నాననుకున్నాను. నువ్వు కాదంటావేమోనని భయం, అంతే. ఇప్పుడు నా ఇష్టం చెబుతున్నాను, విను. నువ్వు నాకు కావాలి. అన్నయ్య భార్యవని కాదు, షాపుకి కట్టరు కావాలనీ కాదు. పొద్దున లేస్తే నీ గొంతు వినపడాలి. నీ వాగుడు వినపడాలి. అన్నం వడ్డించుకుంటే ఎదురుగా నువ్వుండాలి. రేపు ఇద్దరం ముసలివాళ్ళమై ఒకరినొకరు విసుక్కోవాలి. మనం ఏమవుతామని ఎవరైనా అడిగితే అడగనీ, జవాబు ఇద్దరం కలిసి వెతుకుదాం. నాకు ఒక్కదానికి దొరకడం లేదు.

మనింటికి వచ్చెయ్యి వదినా.

వీధి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్న
నీ సూదిపిల్ల